గాజుపలకపై రూపచిత్రం : నూతన విద్యార్థులకు ఆరు అంగాలు

కళలను గూర్చి వ్రాయుటకు తెలుగు అధ్యాపకులమైన మాకు అధికారము కలదా అని పాఠకులు ప్రశ్నింపవచ్చును. మేము చిత్రకారులము కాము. కాని మా పాఠమే మమ్ములను ఈ విషయమునకు తీసికొని వచ్చినది. ద్వితీయ సంవత్సరపు తరగతిలో స్వభావోక్త్యలంకారమును బోధించుచు, వస్తువు యొక్క స్వభావమును ఉన్నది ఉన్నట్లు మనోహరముగా వర్ణించుట స్వభావోక్తి అని చెప్పితిమి. వెనుక బల్లపై కూర్చున్న ఒక విద్యార్థి లేచి, "సార్, ఉన్నది ఉన్నట్లే గీసినా పోలిక రావడం లేదు, ఎందుకు?" అని అడిగినాడు. తరగతి అంతయు నవ్వినది. మేము నవ్వలేదు. ఆ ప్రశ్నలో నిజమైన బాధ ఉన్నదని అతని ముఖము చెప్పుచుండెను.

తరగతి ముగిసిన పిమ్మట ఆ బాలుడు తన సెల్‌ఫోనులో ఒక చిత్రమును చూపినాడు. అతని దాదా భూపాలపల్లి బొగ్గుగనిలో పనిచేసి, పదవీ విరమణ పొంది, కొన్ని సంవత్సరముల క్రిందట మరణించినారు. ఇంటిలో మిగిలినవి రెండే ఛాయాచిత్రములు. ఒకటి గుర్తింపు కార్డుపైనున్న తపాలా బిళ్లంత ఫోటో; రెండవది ఏదో పెండ్లి విందులో ఎవరో తీసిన మసక ఫోటో. వాటి ఆధారముగా రెండు వారములు శ్రమించి, ఫోనుపై రూపచిత్రమును గీసి, దాదీకి చూపినాడట. ఆమె కళ్లజోడు సవరించుకొని చాలాసేపు చూచి, "బాగుంది బేటా, కానీ ఇది మీ దాదా కాదు. ఎవరో పెండ్లికొడుకు" అన్నదట.

మేము ఆ చిత్రమును చూచితిమి. దాదీ మాట సత్యము. చర్మము మైనమువలె నున్నగా ఉన్నది. కనుగ్రుడ్లు కాగితమువలె తెల్లగా ఉన్నవి. ముక్కు చుట్టు నల్లని గీత ఉన్నది. ముఖము యొక్క కుడిఎడమలు అద్దములో ప్రతిబింబమువలె సరిసమానముగా ఉన్నవి. లోపము శ్రమలో లేదు, చూపులో ఉన్నది. నాటినుండి ఆ విద్యార్థితో కలిసి మేమును కొంత చదివితిమి, కొంత గీసితిమి. డిజిటల్ రూపచిత్రణమును కొత్తగా ఆరంభించు మన విద్యార్థులకు ఆ అభ్యాసఫలమును ఇచ్చట అందించుచున్నాము.

ఒక పాత సూత్రము

వాత్స్యాయనుని గ్రంథమునకు 13వ శతాబ్దిలో యశోధరుడు 'జయమంగళ' అను వ్యాఖ్యను రచించినాడు. అందు చిత్రకళకు ఆరు అంగములు చెప్పబడినవి. అవి రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము. 20వ శతాబ్ది తొలి దశలలో అవనీంద్రనాథ ఠాకూర్ ఈ షడంగములను వివరించి, ఆధునిక చిత్రకారుల దృష్టిని వాటివైపు మరల్చినాడు. ఆ సంప్రదాయము వర్ధిల్లిన శాంతినికేతనమునకు వెళ్లి విద్యనభ్యసించినవారిలో కొండపల్లి శేషగిరిరావు గారొకరు. వారు 1924లో నేటి మహబూబాబాద్ జిల్లాలోని పెనుగొండలో జన్మించి, హైదరాబాదులో చిత్రకళాచార్యులుగా ఎందరినో తీర్చిదిద్ది, 2012లో కీర్తిశేషులైనారు. కాబట్టి ఈ సూత్రము మనకు దూరపుది కాదు, మన పొరుగు ఊరికి నడచి వచ్చినదే.

కాగితము పోయి గాజుపలక వచ్చినంత మాత్రమున ఈ అంగములు మారవు. 1963లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఐవాన్ సదర్లాండ్ కాంతికలముతో కంప్యూటరు తెరపై గీతలు గీయు 'స్కెచ్‌ప్యాడ్'ను రూపొందించినాడు. నాడు గదినిండిన యంత్రము చేసిన పని నేడు విద్యార్థి చొక్కా జేబులోని ఫోను చేయుచున్నది. పరికరము సులభమైనది. చూచుట మాత్రము ఎన్నటివలెనే కష్టము.

1. రూపభేదము

రూపములను వేరువేరుగా గుర్తించుట మొదటి అంగము. బస్రాలో జన్మించి కైరోలో జీవితము గడపిన ఇబ్నుల్ హైసమ్ 11వ శతాబ్దిలో రచించిన 'కితాబుల్ మనాజిర్'లో, కాంతి వస్తువునుండి కంటికి చేరుననియు, చూచుటలో అధికభాగము మన పూర్వజ్ఞానముపై ఆధారపడిన నిర్ణయమేననియు వివరించినాడు. నూతన విద్యార్థి చేయు తప్పు ఇక్కడనే ఉన్నది. అతడు ఎదుటనున్న కన్నును చూడడు. 'కన్ను' అను మాటకు తన మనస్సులో నున్న బాదంకాయ బొమ్మను గీయును. ముక్కుకు చుట్టు గీత ఎక్కడను లేదు. ఉన్నది వెలుగు తగిలిన పార్శ్వము, తగలని పార్శ్వము మాత్రమే.

దీనికి మందు సులభమైనది. ఆధారపు ఫోటోను తలక్రిందులుగా త్రిప్పి గీయవలెను. అప్పుడు మనస్సు కన్ను, ముక్కు అను పేర్లను మరచి, ఆకారములను మాత్రమే చూచును. రెండవది, ముఖవివరములకు పూర్వము తల యొక్క మొత్తము నీడరూపమును ఒకే వన్నెతో నింపవలెను. మొఘలు చిత్రకారులు పార్శ్వముఖమును 'ఏక్‌చష్మ్' అనెడివారు. నుదురు, ముక్కు, గడ్డముల బాహ్యరేఖ నుండియే మనిషిని గుర్తింపజేసిన నేర్పు వారిది. నీడరూపములోనే పోలిక లేనిచో, కనురెప్పల వెంట్రుకలు ఎన్ని గీసినను పోలిక రాదు.

2. ప్రమాణము

సాధారణముగా పెద్దవారి ముఖమున కన్నులు తల మొత్తము ఎత్తులో సరిగా మధ్యన ఉండును. నూతన విద్యార్థులు నూటికి తొంబదిమంది వాటిని పైకి జరుపుదురు. నుదుటిపై జుట్టు మొదలు నుండి కనుబొమ వరకు, కనుబొమ నుండి ముక్కు అడుగు వరకు, అచ్చటినుండి గడ్డము కొన వరకు మూడు భాగములు ఇంచుమించు సమానము. తల వెడల్పు సుమారు అయిదు కన్నుల వెడల్పు. రెండు కన్నుల నడుమ దూరము ఒక కన్నంత. చెవి కనుబొమకు, ముక్కు అడుగునకు నడుమ నిలుచును. పెదవులు కలియు రేఖ ముక్కునుండి గడ్డమునకు గల దూరములో మూడవవంతున ఉండును.

ఇవి ఛందస్సులోని గణములవంటివి. గణములు తెలియనివాడు పద్యము వ్రాయలేడు, గణములు మాత్రమే తెలిసినవాడును వ్రాయలేడు. ఎవరి ముఖమును ఈ లెక్కకు సరిగా అతుకదు. వార్ధక్యములో నుదుటి జుట్టు వెనుకకు పోవును. చెవులు, ముక్కు కొన సాగినట్లు కనిపించును. పండ్లు ఊడినచో ముక్కునకు గడ్డమునకు నడుమ ఎత్తు తగ్గును. మన విద్యార్థి తన దాదాకు మూడు సమానభాగములు గీసినాడు. మసక ఫోటోలో చివరి భాగము స్పష్టముగా పొట్టిగా ఉన్నది. ఆ ఒక్క దోషముతోనే వృద్ధుడు పెండ్లికొడుకైనాడు.

3. భావము

భావమనగా నవ్వు, ఏడుపు మాత్రమే కాదు. నిలకడగా ఉన్న ముఖమునకును ఒక అలవాటైన భావముండును. ఒకరి కనుబొమ కొంచెము ఎత్తుగా నుండును, ఒకరి పెదవి మూల ఒకవైపు క్రిందికి వాలును. నిజమైన నవ్వులో పెదవులతో పాటు చెంపలు లేచి, క్రింది కనురెప్పలు పైకి నెట్టబడును. నోటిని మాత్రము నవ్వించి కన్నులను కదలనీయనిచో ఆ నవ్వు కృతకమగును.

చిత్రణ ఉపకరణములలో ఒకవైపు గీసినది రెండవవైపునకు తనంత తానుగా వచ్చు 'సిమెట్రీ' అను సౌకర్యము కలదు. అది రంగవల్లులకు, జాలీపని నమూనాలకు మంచిది. రూపచిత్రమునకు శత్రువు. ముఖములోని జీవమంతయు కుడిఎడమల స్వల్పభేదములో ఉన్నది. మా సలహా యేమనగా, ఈ సౌకర్యమును మొదటి దినముననే ఆపివేయవలెను.

4. లావణ్యయోజనము

లావణ్యమనగా ముత్యములోపలి నిగారింపు వంటిదని మన పెద్దలు చెప్పుదురు. రూపచిత్రమున ఆ నిగారింపు వెలుగునీడల క్రమమునుండి పుట్టును. గుండ్రని ఏ వస్తువుపైనను అయిదు మెట్లు గమనింపవచ్చును. వెలుగు తగిలిన భాగము, నడిమి వన్నె, గాఢమైన నీడ, ప్రక్క వస్తువులనుండి నీడలోనికి తిరిగివచ్చు మసక వెలుగు, వస్తువు ఇతరములపై వేయు నీడ. వీటికి తోడు నుదుటిపై, ముక్కు కొనపై మెరయు బిందువు. మొదట ఒక కోడిగ్రుడ్డును కిటికీ ప్రక్కన పెట్టి ఈ అయిదింటిని గీయగలిగినవాడే ముఖమును గీయగలడు.

గని కుటుంబముల పిల్లలకు మరొక దృష్టాంతము చెప్పెదము. గనిలో కార్మికుని టోపీదీపము ఎదుటివాని ముఖముపై సూటిగా పడినప్పుడు నీడలన్నియు వెనుకకు పోయి ముఖము పళ్లెమువలె చదునుగా కనిపించును. అదే కార్మికుడు షిఫ్టు ముగించి పైకి వచ్చి, సాయంకాలపు ఏటవాలు ఎండలో నిలిచినప్పుడు చెంపయెముక, కంటిగుంట, దవడ అన్నియు తేలును. ఫోనులోని ఫ్లాష్‌తో తీసిన ఫోటో టోపీదీపమువంటిది. కాబట్టి ఆధారముగా కిటికీ ప్రక్కన ఒకే వైపు వెలుగులో తీసిన ఫోటోను ఎన్నుకొనవలెను.

మొదట రంగులు వద్దు. మూడు బూడిద వన్నెలతో ముఖమును నిలబెట్టవలెను, పిదప అయిదింటికి పెంచవలెను. కన్నులు సగము మూసి చూచినచో వివరములు కరిగి పెద్ద వెలుగునీడలు మిగులును. కనుగ్రుడ్డు గోళము. పై రెప్ప దానిపై నీడ వేయును. కాబట్టి కంటిలోని తెలుపు నిజమునకు లేత బూడిదయే. శుద్ధమైన తెలుపును కంటిలోని మెరుపు చుక్కకు మాత్రమే దాచుకొనవలెను. ఆ చుక్కయు వెలుగు వచ్చు వైపుననే ఉండవలెను. పండ్లను ఒక్కొక్కటిగా గీతలతో వేరుచేయరాదు. జుట్టును ముందు ముద్దగా వేసి, అంచులలో మాత్రము కొన్ని వెంట్రుకలను చూపవలెను.

అంచులను గూర్చియు ఒక మాట. ముక్కు చెంపపై వేయు నీడ అంచు గట్టిగా ఉండును, చెంప గుండ్రముగా తిరుగుచోట అంచు మెత్తగా కరగిపోవును. అన్ని అంచులు గట్టివైనచో బొమ్మ కత్తిరించి అతికించినట్లుండును, అన్నియు మెత్తనివైనచో పొగవలె నుండును. హైదరాబాదు వెళ్లినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియములో ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన 'వీల్డ్ రెబెక్కా'ను చూడుడు. మేలిముసుగు చాటున ముఖము ఎక్కడ తేలినదో, ఎక్కడ కరగినదో గమనించినచో అంచుల పాఠము సులభముగా తెలియును. అంత దూరము పోలేనివారు పాలంపేటలో 1213 నాటి రామప్ప దేవాలయమునకు పోవచ్చును. ఆ నల్లరాతి మదనికలను ఉదయమొకసారి, సాయంత్రమొకసారి చూచినచో ఒకే ముఖము వెలుగు మారగా ఎట్లు మారునో తెలియును.

5. సాదృశ్యము

సాదృశ్యమే దాదీ అడిగినది. ఉర్దూలో రూపచిత్రమును 'షబీహ్' అందురు. ఆ మాటకు పోలిక అనియే అర్థము. సామాన్య ప్రమాణమునుండి ఈ మనిషి ఎక్కడ, ఎంత తొలగినాడో అదియే పోలిక. కాబట్టి గీయుటకు ముందు కాగితముపై అయిదు వాక్యములు వ్రాసికొనుడు. 'చెవులు పెద్దవి. ఎడమ కనుబొమ ఎత్తు. క్రింది పెదవి మందము.' మా తెలుగు తరగతిలో ఇది స్వభావోక్తికి అభ్యాసము, చిత్రకారునికి సగము పని.

ఇచ్చట ఒక మోసమును తెలిసికొనవలెను. ఛాయాచిత్రము సత్యమని మనము నమ్ముదుము. చేయి చాచి 12 అంగుళముల దూరమునుండి తీసికొన్న సెల్ఫీలో ముక్కు వెడల్పు సుమారు 30 శాతము అధికముగా కనిపించునని 2018లో అమెరికా వైద్యులు లెక్కగట్టి ప్రకటించినారు. 5 అడుగుల దూరమునుండి తీసినచో ఈ వికారము ఉండదు. కాబట్టి ఆధారపు ఫోటోను అయిదారు అడుగుల దూరమునుండి, కంటి ఎత్తున పట్టి తీయవలెను.

డిజిటల్ పరికరము ఈ అంగమునకు చేయు ఉపకారమును ఉపయోగించుకొనవలెను. చిత్రమును మాటిమాటికి అద్దములోవలె కుడిఎడమలు మార్చి చూచినచో, అలవాటుపడిన కంటికి కనబడని వంకరలు ఒక్కసారిగా బయటపడును. పెద్దది చేసి ఒక కంటిపై గంటసేపు పనిచేయుట మానవలెను. చిత్రమును బొటనవ్రేలి గోరంత చేసి, ఆ పరిమాణములో మనిషి గుర్తుకు వచ్చుచున్నాడా అని పరీక్షింపవలెను. ఫోటోపై పొర వేసి అచ్చుగుద్దినట్లు గీయుట వలన చేయి కదలునుగాని కన్ను నేర్వదు. స్వయముగా గీసిన పిమ్మట తప్పులను కొలుచుటకు మాత్రము ఫోటోను పైన పరచి చూడవచ్చును.

6. వర్ణికాభంగము

రంగుల కూర్పు, కుంచె ప్రయోగము చివరి అంగము. చర్మమునకు ఒకే రంగు లేదు. నుదురు పసుపువైపు, చెంపలు, ముక్కు, చెవులు ఎరుపువైపు, గడ్డము పెరుగుచోటు బూడిదవైపు మొగ్గును. చామనచాయ, నల్లని చాయలపై మెరుపులు స్పష్టముగా తేలును, ఆరుబయట వాటిలో ఆకాశపు నీలము తొంగిచూచును. చర్మపు రంగునకు నలుపు కలిపి నీడ వేసినచో బురదయగును. నీడలో వెచ్చని గోధుమ, ఎరుపు వన్నెలను వెదకవలెను. మన ప్రజల ముఖములను తెల్లబరచి గీయుట అందమను భ్రమను విడువవలెను. అజంతా గుహలలోని చిత్రకారులు నల్లని ముఖములను ఎంత గౌరవముతో చిత్రించినారో చూడుడు. నిజాం రాజ్యపు పురావస్తుశాఖ కాలమున సయ్యద్ అహ్మద్ ఆ చిత్రములకు నకళ్లు గీసినారు. గులాం యజ్దానీ వాటిని గూర్చిన సంపుటములను 1930 నుండి 1955 వరకు వెలువరించినారు. శ్రద్ధతో నకలు గీయుట కూడ ఒక విద్యయే అనుటకు ఇది నిదర్శనము.

ఫోటోలోని రంగును చుక్కగా పీల్చి తెచ్చు సౌకర్యము మరొక ఉచ్చు. రంగు ఎప్పుడును ప్రక్కరంగునుబట్టి కనిపించును. మొదట ఊహించి కలిపి, పిదప పీల్చి పోల్చుకొనవలెను. వన్నెల పరీక్షకు చిత్రముపై బూడిదరంగు పొరను పరచి, దాని పద్ధతిని 'కలర్' అని మార్చినచో రంగులు తొలగి వెలుగునీడలు మాత్రము కనిపించును. కుంచెలలో గుండ్రని గట్టికుంచె ఒక్కటి చాలును. రుద్ది నునుపుచేయు 'స్మడ్జ్' కుంచెయే ముఖములను మైనపుబొమ్మలుగా మార్చునది.

సాధనములు, సాధన

డబ్బు లేదని ఎవరును వెనుదీయనక్కరలేదు. కంప్యూటరుకు 'క్రిటా' అను ఉపకరణము ఉచితముగా లభించును. ఫోనులో 'ఐబిస్ పెయింట్' వంటివి కలవు. సామాన్యమైన రబ్బరుకొన కలము ఒత్తిడిని గ్రహింపదు. ఒత్తిడిని గ్రహించు గ్రాఫిక్ పలక కళాశాలలో ఒకటి ఉన్నను పదిమంది వంతులవారీగా నేర్వవచ్చును. ఈ మాటను కళాశాల సంఘమువారి దృష్టికి సవినయముగా తెచ్చుచున్నాము. 10 అంగుళముల పొడవు, 8 అంగుళముల వెడల్పున అచ్చువేయుటకు అంగుళమునకు 300 చుక్కల చొప్పున 3000, 2400 చుక్కల పటము చాలును. గీతకొకటి, వెలుగునీడలకొకటి, రంగులకొకటి, ఈ మూడు పొరలు మించి నూతన విద్యార్థికి అవసరము లేదు.

సాధనకు మా క్రమము ఇది. మొదటి వారము తలక్రిందుల ఫోటోలు, నీడరూపములు. రెండవ వారము గ్రుడ్డు, కుండ, పిదప కన్ను, ముక్కు, పెదవి వేరువేరుగా. మూడవ వారము మూడు బూడిద వన్నెలలో దినమునకొక ముఖము, అరగంట మించకుండ. నాలుగవ వారము రంగులు. గీసినది చెరిపివేయు 'అండూ' మీటను తొలి అరగంటలో తాకరాదు. తప్పుగీత కనబడుచుండగా ఒప్పుగీత గీయుటయే విద్య.

రెండు హెచ్చరికలు

జీవుల రూపములను చిత్రించుట విషయమున ముస్లిం పెద్దలలో భిన్నాభిప్రాయములు కలవు. ఆ చర్చ ఈ వ్యాసపరిధిలోనిది కాదు. ఎవరి ఇంటి మర్యాదను వారు పాటింపవలెను. చిత్రింపదలచనివారికి ఈ పాఠములే కుండకు, ఆకుకు, రామప్ప స్తంభమునకు, ఖత్తాతీకి ఉపకరించును. అయితే ఎవరి రూపమునైనను వారి అనుమతి లేక గీయుట, గీసి నలుగురికి పంపుట తగదని అందరికిని చెప్పుచున్నాము.

రెండవది, నేడు కృత్రిమ మేధ క్షణములో ముఖమును సృష్టించి ఇచ్చును గదా, ఈ శ్రమ ఎందులకని ఒక విద్యార్థిని అడిగినది. మంచి ప్రశ్న. మసక ఫోటోలో లేని వివరమును యంత్రము తాను చూచిన లక్షల ముఖములనుబట్టి ఊహించి పూరించును. ఆ ఫలితము ఎవరికైనను సరిపోవు ముఖమగును. దాదా చెవి ఎంత సాగినదో యంత్రమునకు తెలియదు, దాదీకి తెలియును. ఆమెను అడుగగలవాడు మనుమడే.

మన విద్యార్థి అట్లే చేసినాడు. ఫోను ప్రక్కన పెట్టి, ఒక సాయంత్రమంతయు దాదీని ప్రశ్నలడిగి, అయిదు వాక్యములకు బదులు రెండు పుటలు వ్రాసికొని వచ్చినాడు. ఎడమ కనుబొమ మీద చిన్న నల్లని మచ్చ ఉండెడిదనియు, అది బొగ్గుగీరు మానగా మిగిలినదనియు అందులో ఉన్నది. రెండు ఫోటోలలోను అది కనబడదు. మూడు నెలల తరువాత గీసిన చిత్రములో ముఖము చివరి భాగము పొట్టిదైనది, కనుగ్రుడ్లు బూడిదయైనవి, కనుబొమపై మచ్చ చేరినది. చేతులు ఇంకను కుదరలేదు, మెడ కొంత బిగుసుకొని ఉన్నది.

దాదీ ఈసారి కళ్లజోడు సవరించుకొనలేదట. "చొక్కా గుండీ పైదాకా పెట్టుకునేవారు కాదు, అది ఒకటి తీసెయ్యి" అన్నదట. పోలిక కుదిరినదనుటకు ఇంతకంటె యోగ్యతాపత్రము మేము ఇయ్యజాలము. గుండీ దిద్దబడినది. ఆ చిత్రము ఇప్పుడు వారింట ఒక అట్ట పెట్టెలో, గుర్తింపు కార్డు ప్రక్కన భద్రముగా ఉన్నది.